తోలు గట్టివడేదాక

పల్లికాయ సంగతయితే నాకెరికే.
ఒక్క చెట్టు పీకి, బుడ్డ ఒలిచి
లోపలి గోడ నల్లవడ్డదా చూస్తె
చేను మొత్తం తన వయసు చెప్తది.
ఈ ఆలుగడ్డ మాత్రం
మా అచ్చంపేట మట్టికి కొత్త చుట్టం,
ఎప్పుడు లేస్తదో, ఎప్పుడు పండుకుంటదో
అడిగినా చెప్పది.

కార్తీకంల పెట్టిన.
డిపో వెనక క్వార్టర్ గోడ పొంటి
ఆరు సిమెంటు సంచులు,
సగం చెరువు మన్ను, సగం బర్రె పెంట.
మొలకొచ్చిన ముక్కలు, కన్ను పైకి వచ్చేటట్టు.
"కండక్టరమ్మా, లారీ ఎప్పుడు మాట్లాడాలె?" అని
డ్రైవర్ బాలస్వామి నవ్విండు.

అరవయ్యో దినం ఆగలేక
వేలు పెట్టి కెలికిన.
గోళీలంత గడ్డలు.
కడుగుతుంటెనే తోలు ఊడి చేతికొచ్చింది,
పాలపొర లెక్క.
మళ్ళ మన్ను కప్పిన గని
తెంపింది తెంపినట్టే ఉండె.
ఆ రెండు గోళీలు చారుల ఏసిన,
ఏ రుచీ చెప్పలే.

పుష్యం ఆఖర్ల ఆకు పసుపెక్కింది.
రోగమే అనుకున్న.
డ్యూటీ దిగొచ్చి రాత్రి తొమ్మిదింటికి
బకెట్లకు బకెట్లు పోసిన.
బస్టాండు కాడ ఉల్లిగడ్డ బండి మహమూదా బీ
నా గోర్లల్ల మన్ను చూసి అడిగింది,
అంతా విని, తక్కెడ కింద పెట్టి మరీ తిట్టింది:
"అది సస్తలేదమ్మా, సర్దుకుంటున్నది.
ఆకుల ఉన్నదంత గడ్డల దాస్తున్నది.
నీళ్ళు బంద్ చెయ్, మురగవెడ్తవా ఏంది?"

బంద్ చేసిన.
పదిహేను దినాలు చేతులు కట్టుకోని చూసుడు
బకెట్లు మోసుడు కన్న కష్టం.
కాడ ఎండి నేల మీద ఒరిగింది.
నాకొచ్చిన లెక్క ఒక్కటే,
ఆఖరి కాలు ఫుట్‌బోర్డు మీద పడ్డంకనే
రైట్ అనాలె.
హాజీపూర్ చౌరస్తల ఒక్కసారి తొందరపడ్డ,
ముసలామె చెప్పు రోడ్డు మీదనే ఉండిపాయె.
సంచుల ముంగట కూసుంటె
ఆ చెప్పే యాదికొస్తది.

వీక్లీ ఆఫ్ నాడు
ఒక గడ్డ తీసి బొటనవేలుతో రుద్దిన.
పదమూడేండ్లు టికెట్లు చింపిన వేలు,
మిషిన్ వచ్చినప్పటి సంది పనిలేకుంటున్న వేలు.
నిలువు రుద్దిన, అడ్డం రుద్దిన.
తోలు కదల్లే.
రైట్.

సంచులు వంచి చేతుల్తోనే దేవులాడిన.
మొదటి సంచిల మూడు,
రెండోదాంట్ల పదకొండు,
ఎందుకట్లనో ఆ మన్నుకే తెలువాలె.
ఖుర్పీ ఒక్కదానికి తగిలింది,
దాన్ని ఆ పూటే వండిన.
గాయమున్నదాన్ని నడుమ వెడితే
పక్కోటి కూడ కుళ్ళుతది.
కడగలే. మన్నుతోనే
మంచం కింద గోనెపట్టల మీద పరిచి
కిటికీకి పాత చీర కట్టిన.
ఒకటి దొర్లి గడప కాడి ఎండకు పోయి
నాలుగు రోజుల్ల పచ్చవడ్డది.
తింటె చేదు, పారేస్తె పాపం,
వచ్చే కార్తీకానికి విత్తనమని పక్కకు పెట్టిన.

"ఉల్లిగడ్డ పక్కన పెట్టకు" అన్నది మహమూదా బీ,
ఆమె బండి మీద రెండూ ఒక్క కుప్పలనే ఉన్నయి.
నేను చూసుడు చూసి,
"నావి పొద్దుమీకేసరికి అమ్ముడువోతయి.
నీవి ఎండకాలం దాటాలె."

మొత్తం ఏడు కిలోలు.
మన్నుకు, పెంటకు, ఆటోకు ఎంతైందో
బాలస్వామికి చెప్పలే.
పదో దినానికి మన్ను తనంతట తనే రాలినంక
కాగుల ఇసుకేసి, గడ్డలేసి, మళ్ళ ఇసుకేసి
మూతికి గోనెముక్క కప్పిన.

శివరాత్రికి శ్రీశైలం స్పెషళ్ళు.
ఘాట్ మలుపులన్ని కడుపుల తిరుగుతుంటె
రాత్రి రెండింటికి ఇల్లు చేరి
లైటు వెయ్యకుండ కాగుల చెయ్యి పెట్టిన.
చల్లగ తగిలినయి.
బస్సుల తలలు లెక్కవెట్టినట్టు లెక్కవెట్టిన.
ఒకటి తక్కువొచ్చింది.
ఇసుకల మోచేతి దాక చెయ్యి పెట్టి
మళ్ళ మొదటి నుంచి.